పొగ రాని అగరు

మధ్యాహ్నం రెండూ పది. పోలీసు అధికారిణి సుమియే చేతిలో పెట్టిన అనుమతి కాగితం మీద సాయంత్రం నాలుగు వరకే అని రాసి ఉంది. అంటే నూట పది నిమిషాలు. ఈలోగా డెబ్భై ఆరేళ్ళ ముసలాయనని విదేశీ సైన్యపు స్థావరం కంచె లోపల వెతికి పట్టుకోవాలి, కనీసం లోపలే ఉన్నాడని రుజువైనా చేయాలి. నాలుగు దాటితే గేటు మూసేస్తారు. మళ్ళీ అడుగు పెట్టాలంటే అర్జీ రాజధానికి వెళ్ళాలి, అక్కణ్ణించి సముద్రం దాటి పరాయి దేశం వెళ్ళాలి, సంతకాలు చేయించుకుని తిరిగి రావాలి.

కిందటిసారి అలా తిరిగి రావడానికి రెండు రోజులు పట్టింది. అప్పుడు వెతికింది ఒక హోటల్లో గిన్నెలు కడిగే అమ్మాయిని. రెండు రోజుల తర్వాత లోపలికి వెళితే సుమియేకి చేయడానికి మిగిలింది ఆ పిల్ల మీద దుప్పటి కప్పడం ఒక్కటే. ఆరేళ్ళయింది. ఇప్పటికీ ఈ గేటు చూస్తే ఆమె ముందు వాచీ చూసుకుంటుంది. ఆ సంగతి స్టేషన్లో ఎవరికీ చెప్పుకోలేదు.

గేటు పక్క గదిలో ముగ్గురున్నారు. బల్లకి అటువైపు కాపలాదారు తెంగన్. ముప్ఫై ఏళ్ళుంటాయి, దక్షిణం వైపు తీరపు ఊరివాడు, ఉద్యోగం కోసం కంచె పక్క ఊరు అరాబారులో అద్దెకి ఉంటున్నాడు. తలుపు దగ్గర సైనిక పోలీసు సార్జంట్ డెల్గాడో. మూడేళ్ళుగా దీవిలో ఉండి దీవి మాట నాలుగు ముక్కలు నేర్చుకున్న విదేశీ కుర్రాడు. కిటికీ పక్కన బూడిదరంగు సూటులో కురమొచి. రాజధాని నుంచి వచ్చిన సంధాన అధికారి. ఊరివాళ్ళకీ కంచెలోపలి వాళ్ళకీ మధ్య మాట తేడా రాకుండా చూడటం ఆయన పని. ఆయన వచ్చిన రెండేళ్ళలో ఊరివాళ్ళ మాట ఒక్కటీ లోపలికి వెళ్ళలేదు గనక పని బాగానే చేస్తున్నట్టు లెక్క.

"మళ్ళీ మొదటినించీ చెప్పు తెంగన్," అంది సుమియే కుర్చీ లాక్కుంటూ. "ఆగెనా తాత ఎన్నింటికి లోపలికొచ్చాడు?"

"తొమ్మిదీ ఇరవైకక్కా. పుస్తకంలో ఉంది."

పుస్తకంలో ఉంది. ఆగెనా సెయిటోకు, పాసు నంబరు పదిహేడు, పని షీమీ. అరాబారు అసలు ఊరు ఇప్పుడు కంచె ఉన్నచోటే ఉండేది. యుద్ధం అయ్యాక ఊరిని బయటికి నెట్టారు, సమాధులు లోపలే ఉండిపోయాయి. అందుకే ఏడాదికొక్క ఆదివారం, షీమీ నాడు, పెద్దలకి తిండి పెట్టి దణ్ణం పెట్టుకోవడానికి ఇంటికి ఇద్దరేసి చొప్పున పాసులిస్తారు. సొంత తాతల దగ్గరికి చీటీ చూపించి వెళ్ళాలి.

"ఒక్కడే వచ్చాడా?"

"అవ్వకి మోకాళ్ళు పనిచేయవు కదా. తాతే డబ్బా పట్టుకుని వచ్చాడు. ఇంధనం ట్యాంకుల వెనక గుట్ట మీద వాళ్ళ సమాధి. ఇవాళ ఆ వైపు డ్యూటీ నాదే."

"ఆఖరిసారి ఎప్పుడు చూశావు?"

"పదకొండూ పదికి కింద రోడ్డు మీంచి చూశాను. సమాధి ముందు అగరు వెలిగించుకుని కూర్చున్నాడు. పొగ కనిపించింది." తెంగన్ నాలికతో పెదాలు తడుపుకున్నాడు. "తర్వాత దిగొచ్చి పాసు నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. పదకొండూ నలభై."

"నడిచి?"

"ఆ... నడిచే."

"గేటు బయట ఆయన చిన్న ట్రక్కు ఇంకా అక్కడే ఉంది. చూశావా?"

కిటికీ దగ్గర్నించి కురమొచి గొంతు వినిపించింది. ఎప్పుడూ పుస్తకం చదివి వినిపిస్తున్నట్టే మాట్లాడతాడు ఆయన.

"వృద్ధులు నడకను ఇష్టపడతారు. పాసు తిరిగి ఇవ్వబడినది. నమోదు స్పష్టంగా ఉన్నది. ఆ వ్యక్తి ఇక్కడ లేడు. దయచేసి బయట వెతకవలసినదిగా కోరుతున్నాను."

"నడక ఇష్టమైతే పొద్దున కూడా నడిచే వచ్చేవాడుగా," అంది సుమియే. "ఎండలో మూడు కిలోమీటర్లు, చేతిలో నాలుగు వరసల డబ్బా, సొంత బండి గేటు దగ్గర వదిలేసి! మీ నాన్నగారైతే అలా వెళ్తారా?"

"నా తండ్రిగారి ప్రస్తావన అనవసరము."

"సరే, మీ ప్రస్తావనే తీసుకుందాం. మీరెప్పుడొచ్చారు లోపలికి?"

"ఒంటిగంటకు. ఫిర్యాదు అందిన పిమ్మట."

ఫిర్యాదు ఇచ్చింది త్సురు అవ్వ. భర్త ఇంకా రాలేదని పన్నెండింటికి టీ ఫ్లాస్కు పట్టుకుని టాక్సీలో గేటు దాకా వచ్చింది. ట్రక్కు ఉంది, మనిషి లేడు. ఇప్పుడు కూడా బయటే, ఎవరో వేసిన మడతకుర్చీలో గొడుగు కింద కూర్చుని ఉంది. ఇందాక సుమియే వంగి పలకరిస్తే చెయ్యి పట్టుకుని ఒకటే మాట చెప్పింది. "ఫిబ్రవరి నించీ ఊటనీళ్ళు వాసనొస్తున్నాయి. చేపపిల్లలు తేలాయి. మా ఆయన మూడు అర్జీలు పెట్టాడు. వాటికి జవాబు ఇదేమోనని నా భయమమ్మా."

ఆ ఊట సమాధి గుట్ట కింద పుట్టి కంచె కిందనించి అరాబారులోకి పారుతుంది. ఊరంతా ఆ నీళ్ళతోనే టీ కాచుకుంటుంది.

"సమాధి చూస్తాను," అని లేచింది.

"దాని వలన ప్రయోజనము..."

"కాగితం మీద నాలుగు దాకా అని ఉంది సార్. సంతకం మీదే."

* * *

రెండూ యాభైకి జీపు గుట్ట కింద ఆగింది. అక్కణ్ణించి రెండొందల అడుగులు ఎక్కాలి. నలుగురూ ఎక్కారు. ఎడమవైపు ఇంధనం ట్యాంకులు, కుడివైపు మోకాలెత్తు ఎండుగడ్డి. మధ్యలో తాబేటి వీపులాంటి కప్పుతో ఆగెనా వాళ్ళ సమాధి. ముందు చిన్న రాతి వాకిలి. గోడకి నడుమెత్తున్న రాతి పలక, అదే తలుపు. ఇంట్లో చావు వస్తే తప్ప దాన్ని ఎవరూ కదపరు. షీమీ నాడైనా బయటే కూర్చుంటారు.

వాకిట్లో చెక్క డబ్బా ఉంది. సుమియే మూత తీసింది. పంది మాంసం, వేపిన టోఫు, సముద్రపు పాచి ముడులు, బియ్యపు ముద్దలు. ఒక్క ముక్క కదల్లేదు. పదకొండూ నలభై దాకా కూర్చున్నవాడు ఏమీ ముట్టుకోకుండా, పెద్దలకి పెట్టిన డబ్బా ఇంటికి తీసుకుపోకుండా వెళ్ళిపోయాడా? ఇంటి దగ్గర పెళ్ళాం ఆ డబ్బా కోసం చూస్తుంటే?

"మరిచిపోయి ఉండవచ్చును," అన్నాడు కురమొచి.

"షీమీ డబ్బా మరిచిపోయేవాణ్ణి మా దీవిలో ఇంకా చూడలేదు."

సమాధికి పక్కగా చిన్న రాయి ఉంది. కాపలా దేవుడిది. ముందు ఆ దేవుడికి చెప్పుకోవాలి, తర్వాతే పెద్దల ముందుకి రావాలి. రాయి ముందు ఒక నల్లటి అగరు పలక ఉంది. ఆరు పుల్లలు ఒకదానికొకటి అంటుకుని పలకలా ఉండే దీవి అగరు. సుమియే వంగి చూసింది. అంచులు పదునుగా, కొత్తగా ఉన్నాయి. వెలిగించలేదు.

పెద్దల ముందు అదీ లేదు. అంటే దేవుడికి దణ్ణం పెట్టాడు, పెద్దల దాకా రాలేదు. పది నిమిషాల పని అది. తొమ్మిదీ ఇరవైకి గేటు దాటినవాడు, తొమ్మిదీ నలభైకల్లా ఈ రెండు రాళ్ళ మధ్య ఎక్కడో ఆగిపోయాడు.

ఇంకొకటి కూడా ఆమెకి మింగుడుపడలేదు. రాతిమీద వేలు పెట్టి రాసింది, వేలికి మసి అంటలేదు. ఏళ్ళ తరబడి అగరు వెలిగించిన రాయి నల్లగా పొయ్యి రాయిలా ఉండాలి. ఇది కడిగిన పళ్ళెంలా ఉంది.

అరచేతిలో ఫోను పెట్టుకుని నాలుగడుగులు పక్కకి వెళ్ళింది. గేటు దగ్గరున్న కానిస్టేబులు ఫోను అవ్వకిచ్చాడు.

"అవ్వా, ఒక్క మాట. మీ సమాధి దగ్గర అగరు ఎలా వెలిగిస్తారు?"

"వెలిగించడమెక్కడిదమ్మా? పక్కనే ఆ ట్యాంకులున్నాయి కదా. ఇరవై ఏళ్ళయింది నిప్పు వద్దని చెప్పి. మేం చల్ల అగరే పెడతాం. ఊరికే పెట్టి దణ్ణం పెట్టుకుంటాం. మిగతా వాళ్ళందరూ వెలిగిస్తారు, మా గుట్టకే ఆ శాపం. ఎందుకమ్మా, దొరికాడా?"

"ఇంకా లేదవ్వా. ఫోను దగ్గర పెట్టుకో, మళ్ళీ చేస్తాను."

ఫోను జేబులో వేసుకుని వాచీ చూసుకుంది. టైము మూడూ పదిహేను.

తెంగన్ వాకిలి చివర నించుని బూట్లవైపు చూస్తున్నాడు. సుమియే వెళ్ళి పక్కన నించుంది. "ఎండ బాగా ఉంది కదూ," అంది.

"అవునక్కా."

"పొద్దున గాలి లేదట. పొగ నిటారుగా లేచిందా?"

"ఆ. సన్నగా, నిటారుగా."

"దేవుడి రాయి దగ్గరా, పెద్దల దగ్గరా?"

"రెండుచోట్లా అనుకుంటా."

"వాసన కిందికి వచ్చిందా?"

"వచ్చిందక్కా. షీమీ కదా."

"ఒకసారి ఇటు రా." భుజం పట్టుకుని దేవుడి రాయి దగ్గరికి తీసుకెళ్ళి, మెడమీద చెయ్యి వేసి వంచింది. "ఇది చూడు. కాలిందా? ఈ రాయిమీద ఇరవై ఏళ్ళుగా అగ్గిపుల్ల గీయలేదు. ఇంధనం ట్యాంకుల పక్కన నిప్పు పెడితే మనం ఇక్కడ నించుని మాట్లాడుకునేవాళ్ళమా? ఏ పొగ చూశావురా నువ్వు?"

తెంగన్ కాలని ఆ పలక వైపు చూశాడు. మొహం పాలిపోయింది. డెల్గాడో రెండడుగులు ముందుకొచ్చాడు. కురమొచి మాత్రం కదల్లేదు.

"ముసలాయన్ని ఏం చేశావు?" సుమియే గొంతు లేచింది. "బతికున్నాడా లేదా? అదొక్కటి చెప్పు. బతికుంటే నేను నీ పక్కన నించుంటాను. లేకపోతే నా చేతులతోనే సంకెళ్ళు వేస్తాను!"

"నేనేం చేయలేదక్కా! తాత చెప్పిందే చేశాను!" తెంగన్ ఏడుపు గొంతుతో అరిచాడు. ఒకసారి కురమొచి వైపు చూశాడు, మళ్ళీ సుమియే వైపు. "ఆయన ముందు చెప్పకూడదు. తాత ఒట్టు వేయించుకున్నాడు."

"ఒట్టు సంగతి తర్వాత. తాత ఎక్కడ?"

తెంగన్ చెయ్యెత్తి రాతి తలుపు చూపించాడు.

సుమియేకి ఒక్క క్షణం అర్థం కాలేదు. దీవిలో పుట్టిన బుర్ర అటువైపు ఆలోచించనంటే ఆలోచించనని మొండికేసింది.

"సమాధి లోపలా?"

"ఎవరూ వెతకని చోటు అదొక్కటేనన్నాడు. యుద్ధంలో అయిదేళ్ళప్పుడు వాళ్ళమ్మతో పదకొండు రోజులు అందులోనే దాక్కున్నాట్ట. చచ్చినవాళ్ళంటే భయం అప్పుడే తీరిపోయిందన్నాడు." తెంగన్ గబగబా చెప్పుకుపోయాడు. "నీళ్ళు ఎవరు పాడుచేస్తున్నారో కళ్ళారా చూడాలని. ఏం చేసినా జనం వెళ్ళాకే చేస్తారు కదా. చీకటిపడే దాకా లోపల ఉంటానన్నాడు. అందుకే పాసు నేను తిరిగిచ్చేశాను. మా పాపకి పాలు కలిపేది ఆ నీళ్ళతోనే అక్కా. కాదని ఎలా అంటాను?"

"పొగ సంగతి కూడా తాతే చెప్పమన్నాడా?"

"లేదక్కా. పదకొండింటికి చూశానని మాత్రమే చెప్పమన్నాడు. షీమీ అనగానే పొగ దానంతటదే నోట్లోకొచ్చేసింది."

తిట్టాలో నవ్వాలో తెలియలేదు సుమియేకి. ఆపాటి నవ్వు కూడా మరుక్షణంలోనే పోయింది. తను ఎంత తెలివిగా ఈ అబద్ధాన్ని పట్టుకుందో అంత తెలివితక్కువ పని చేసింది. ముసలాయన ఎవరికి తెలియకూడదని రాళ్ళ మధ్య దూరాడో వాళ్ళ మనిషి ముందే గుట్టు విప్పేసింది. అయినా ఇక దాచడానికేముంది? ఆయన్ని బయటికి తీసి ఇంటికి చేరిస్తే చాలు.

"తీయి. తలుపు తీయి."

తెంగన్ రాయి వైపు తిరిగి అక్కడే బిగుసుకుపోయాడు.

"ఏమైంది?"

"నేను... నేను సందు వదిలానక్కా. గాలికోసం. జానెడు." చేత్తో చూపించాడు. "ఒట్టు. మా పాపమీద ఒట్టు. జానెడు సందు వదిలాను."

సందు లేదు. పలక గోడకి అంటుకుపోయి ఉంది. కాగితం కూడా దూరదు.

* * *

మూడూ ముప్ఫై రెండు.

"తాతా!" సుమియే రాతిమీద అరచేతులతో బాదింది. చెవి ఆనించింది. రాయి చల్లగా ఉంది, లోపలినించి ఏ చప్పుడూ లేదు. లోపలికి దూరింది తొమ్మిదీ నలభైకైతే దగ్గర దగ్గర ఆరు గంటలు. గాలి ఎంతసేపు సరిపోతుంది? ఆమెకి తెలియదు. ఆరేళ్ళ కిందటి దుప్పటి గుర్తొచ్చింది, గుర్తొచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

పలక చుట్టూ నేలమీద తెల్లటి సిమెంటు పెచ్చులున్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుంది. కొత్త సిమెంటు, గోటితో గీస్తే గీత పడుతోంది.

"ఇది మీరు పగలగొట్టిందేనా?"

"అవునక్కా. తేలిగ్గా ఊడొచ్చింది. తాత కూడా ఆశ్చర్యపోయాడు. తొమ్మిదేళ్ళుగా మా ఇంట్లో చావు లేదు, మరి కొత్త సిమెంటు ఎవరు పూశారన్నాడు. అంతలో కింద జీపు చప్పుడైంది. ఆయన టార్చి పట్టుకుని దూరిపోయాడు. నేను రాయి జరిపి దిగిపోయాను. లోపల ఏముందో నేను చూడలేదు."

గునపం గడ్డిలో దాచిన చోటే ఉంది. తెంగన్ తెచ్చాడు. కురమొచి అప్పుడు కదిలి, వచ్చి రాతి తలుపుకి అడ్డంగా నించున్నాడు.

"ఆగవలెను. కుటుంబ సమ్మతి లేకుండా సమాధిని తెరుచుట నేరము. మీ దీవి ఆచారమును మీరే అవమానించుచున్నారు. పైగా ఈ నేల మీద తవ్వుటకు మీకు అనుమతి లేదు."

"లోపల మనిషున్నాడు!"

"అది ఈ కాపలాదారు మాట. ఇప్పుడే అతడు అబద్ధమాడినట్లు మీరే నిరూపించితిరి."

చెప్పు తీసి కొట్టాలన్నంత కోపం వచ్చింది సుమియేకి. కొట్టకుండా ఫోను తీసి స్పీకరు నొక్కింది.

"అవ్వా, తాత మీ సమాధి లోపల ఉన్నాడు. తలుపు మూసుకుపోయింది. తెరవమంటావా? ఇక్కడ ఒకాయన ఆచారం అంటున్నాడు."

అవతలినించి ముసలి గొంతు గట్టిగా పలికింది. "ఆచారమా? ఆ ఇంటి కోడలిగా నేను చెప్తున్నాను, తెరువమ్మా! లోపలున్నది నా మామగారూ అత్తగారూ. నా మొగుడు ఊపిరాడక చస్తుంటే వాళ్ళు తలుపు గురించి అలుగుతారా? తెరువు! ఆ ఒకాయన్ని పక్కకి తప్పుకోమను!"

"విన్నారుగా," అంది సుమియే.

కురమొచి తప్పుకోలేదు. డెల్గాడో వైపు తిరిగి వాళ్ళ భాషలో చల్లగా ఏదో చెప్పాడు. డెల్గాడో రాతివైపు చూశాడు, ఫోనువైపు చూశాడు. టోపీ తీసి నడుముకి దోపుకున్నాడు.

"మా నానమ్మ కూడా ఇట్లా అరుస్తది," అన్నాడు దీవి మాటలో, కూడబలుక్కుంటూ. "రాయి బరువు. నేను తోస్తా. సార్, జరుగు."

కురమొచి జరిగాడు. గునపం మొన పలక అంచున దిగింది. తెంగన్ ఒకవైపు, డెల్గాడో ఒకవైపు. మొదటిసారి రాయి పలకలేదు. రెండోసారి గునపం జారి డెల్గాడో మోచెయ్యి గీరుకుపోయింది. సుమియే కూడా భుజం ఆనించింది. వాచీ చూసుకోవడానికి తల తిప్పితే కురమొచి కనిపించాడు.

పదడుగుల దూరంలో గాలి వచ్చే వైపుకి వెళ్ళి నించున్నాడు. జేబులోంచి తెల్ల రుమాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, ముక్కుకీ నోటికీ అదిమి పట్టుకున్నాడు. రాయి ఇంకా వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఏ వాసనా రాలేదు.

ఎందుకు పట్టుకున్నాడు? సుమియే బుర్రలో ఆ ప్రశ్న తిరగడం మొదలయ్యేలోపే రాయి కర్రుమని పక్కకి జరిగింది.

అప్పుడొచ్చింది వాసన. గోళ్ళ రంగు తుడిచే మందులా తియ్యగా, ఘాటుగా. కళ్ళు మండాయి. తెంగన్ వెనక్కి పడి దగ్గడం మొదలుపెట్టాడు. సుమియే కొంగు లాంటిదేదీ లేక చొక్కా కాలరే ముక్కుమీదికి లాక్కుని, టార్చి వేసి లోపలికి వంగింది.

మొదట కనిపించినవి పీపాలు. ఇనప పీపాలు, ఒకదానిమీద ఒకటి, గోడలకి ఆనించి. పదీ పన్నెండూ ఉంటాయి. పేర్లన్నీ గీకేసి ఉన్నాయి. కిందివి తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి, నేలమీద ఏదో మడుగు కట్టి గుట్ట పగులులోకి ఇంకుతోంది. ఆ పగులు కిందే ఊట. చావు లేనిదే ఈ తలుపు తెరవరని తెలిసినవాడు వెతుక్కున్న చోటు ఇది. ఊరివాళ్ళ భక్తినే తాళంకప్పగా వాడుకున్నాడు.

ఆ పీపాల వెనక, పై మెట్టుమీద, అస్థికల కుండల మధ్య సెయిటోకు తాత ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. తల ఒక కుండమీద వాలి ఉంది.

"తాతా!"

కదల్లేదు. సుమియే ఊపిరి బిగపట్టి పాక్కుంటూ వెళ్ళింది. ప్యాంటు మోకాళ్ళ దగ్గర తడిసి చర్మం మండింది. చెయ్యి చాచి మెడమీద పెట్టింది. భయంతో ఆమె వేళ్ళకి ఏమీ తెలియలేదు. మళ్ళీ పెట్టింది. ఉంది. సన్నగా కొట్టుకుంటోంది.

"బతికున్నాడు! డెల్గాడో, చెయ్యి ఇవ్వు!"

ఇద్దరూ కలిసి ఆయన్ని బయటికి లాగి, దేవుడి రాయి పక్కన ఎండలో పడుకోబెట్టారు. రెండు చేతుల పిడికిళ్ళూ రక్తం కట్టి చిట్లి ఉన్నాయి. లోపలినించి కొట్టిన చేతులు. మూడూ యాభై ఒకటి.

"రేడియో," అన్నాడు డెల్గాడో. "జీపులో. డాక్టరు పిలుస్తా." తెంగన్‌ని జబ్బ పట్టి లేపాడు. "నువ్వు రా. స్ట్రెచర్ ఇద్దరు మొయ్యాల." ఇద్దరూ గుట్ట దిగి పరుగెత్తారు.

సుమియే ముసలాయన తల ఒడిలో పెట్టుకుని సీసాలో నీళ్ళు పెదాలకి తాకించింది. అవి ఊట నీళ్ళు కాదని ముందు చూసుకుంది. ఆయన కళ్ళు తెరవలేదు, నాలిక మాత్రం కదిలింది.

"తాతా, నేను పోలీసుని. అవ్వ గేటు దగ్గరుంది. ఏం భయం లేదు."

"పీపాలు..." అన్నాడు ఊపిరిలో ఊపిరిగా. "చూశాక బయటికి వచ్చేద్దామనుకున్నా. సందులోంచి... బూట్ల చప్పుడు. తెంగన్ అనుకుని కొట్టాను. తీయరా, తీయరా అన్నాను."

"ఎవరొచ్చారు?"

"మొహం కనపళ్ళేదు. నించుని విన్నాడు. చాలాసేపు విన్నాడు తల్లీ. నేను కొడుతూనే ఉన్నా." పొడి గొంతులో ఒక శబ్దం వచ్చింది, ఏడుపో దగ్గో తెలియలేదు. "తర్వాత రాయి జరిపాడు. జరిపేముందు ఒక మాట అన్నాడు. మనవాళ్ళ మాట కాదు. బడి పుస్తకాల మాట. 'దయచేసి క్షమించవలెను' అన్నాడు. అని మూసేశాడు."

సుమియే వేళ్ళు సీసా చుట్టూ బిగుసుకున్నాయి. ఒంటిగంటకు వచ్చానన్నాడు, అంటే తను రాకముందు గంటకి పైనే లోపల ఉన్నాడు. రాయి కదలకముందే రుమాలు పట్టుకున్నాడు. జీవితంలో ఎప్పుడూ ఇంత భయపడలేదు ఆమె.

వెనకనించి నీడ వచ్చి ముసలాయన మొహంమీద పడింది.

"నాలుగు గంటలు కావచ్చినది," అంది ఆ గొంతు, రుమాలు లోంచి కాదు, స్పష్టంగా. "మీ అనుమతి ముగియుచున్నది. దయచేసి క్షమించవలెను."

తాత కళ్ళు చప్పున తెరుచుకున్నాయి. చితికిన వేళ్ళు సుమియే మణికట్టుని ఎముక నొప్పిపుట్టేలా పట్టుకున్నాయి. నోరు కదిలింది, మాట రాలేదు. రానక్కర్లేదు. ఆ పట్టు ఆమె చూసింది, కురమొచి కూడా చూశాడు.

కింద డెల్గాడో రేడియోలో అరుస్తున్నాడు. రెండొందల అడుగుల దూరం. సుమియే చేతిలో నీళ్ళ సీసా తప్ప ఏమీ లేదు. మెల్లగా తల తిప్పింది.

కురమొచి రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. వంగి, గడ్డిలో పడి ఉన్న గునపం రెండు చేతులతో పైకెత్తాడు.